సెల్ఫ్ కేర్ చేసుకుంటే స్వార్థమా?

పోయిన నెల పామర్రులో సత్సంగం జరిగింది. విజయవాడ నుంచి బందరు వెళ్లే రోడ్డు మీదున్న ఊరు కదా, చుట్టుపక్కల పల్లెల నుంచి కూడా బాగానే వచ్చారు. ప్రసాదాలు పంచుతుండగా ఓ అమ్మాయి దగ్గరకొచ్చింది. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, శని ఆదివారాలకి ఇంటికొచ్చింది.

"గురువుగారూ, ఏడాది నుంచి నా కోసం నేను కొన్ని చేసుకుంటున్నాను. రేకీకి వెళ్లాను. సౌండ్ హీలింగ్ అని గిన్నెలు మోగిస్తారు, దానికి వెళ్లాను. మూడు రోజులు జ్యూసుల మీదే ఉన్నాను. వీపు మీద కప్పింగ్ చేయించుకున్నాను. మా అమ్మమ్మ ఏమో, ఒంటి మీద అంత యావేంటే, ఆ డబ్బులతో పదిమందికి అన్నం పెట్టొచ్చు కదా అంటుంది. సెల్ఫ్ కేర్ అంటే స్వార్థమేనా? దేవుడికి ఇష్టం ఉండదా?"

మంచి ప్రశ్న, వీడియోలో చెప్తానమ్మా అన్నాను. తను వెళ్లిపోతూ, చెప్పులేసుకుంటూ, ఏదో గుర్తొచ్చినట్టు ఇంకో మాట అంది. "అన్నట్టు మా అమ్మ షుగర్ బిళ్లలు మానేసిందండి. ఫోన్‌లో చూసి ఏదో పొడి తెప్పించుకుంది. రెండు వారాల నుంచి అదే వేసుకుంటోంది. పర్లేదు కదా?"

చూశారా, అసలు ప్రశ్న చెప్పుల దగ్గర వచ్చింది. స్వార్థమా కాదా అన్నది నెమ్మదిగా మాట్లాడుకోవచ్చు. రెండోదానికి నెమ్మది కుదరదు. అందుకే అక్కడికక్కడే చెప్పాను, ఇక్కడ కూడా ముందు అదే రాస్తున్నాను. రేపు పొద్దున్నే పరగడుపున రక్తపరీక్ష చేయించండి. ఆ రిపోర్టూ, ఆ పొడి డబ్బా రెండూ పట్టుకుని, ఇంతకుముందు ఆవిడకి మందు రాసిన డాక్టరు గారి దగ్గరకే వెళ్లండి. తిడతారేమోనని భయపడి దాచొద్దు.

షుగర్ నొప్పి పెట్టే జబ్బు కాదమ్మా. బిళ్ల మానేసిన మర్నాడు కూడా మనిషి కులాసాగానే తిరుగుతుంటాడు. "చూశావా, ఏమీ కాలేదు" అనిపిస్తుంది. లోపల మూత్రపిండాలు, కళ్లు, కాళ్లలో నరాలు నెమ్మదిగా దెబ్బతింటుంటే చప్పుడు వినపడదు. ఇక ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లు, అందులోనూ చిన్నప్పటి నుంచి టైప్ 1 ఉన్నవాళ్లు, అది ఆపేస్తే కొద్ది రోజుల్లోనే ప్రాణం మీదకొస్తుంది. షుగర్‌ని పూర్తిగా నయం చేస్తామని మందుకి ప్రకటన ఇవ్వడం మన దేశంలో నేరం కూడా. 1954లోనే చట్టం వచ్చింది. అంటే 1954 నాటికే ఇలాంటి ప్రకటనలు ఎన్ని ఉండేవో ఊహించుకోండి.

సరే, ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం.

ఒంటిని చూసుకోవడం స్వార్థం అని మన శాస్త్రం ఎక్కడా అనలేదు. కాళిదాసు కుమారసంభవంలో ఐదో సర్గ ఉంది. పార్వతీదేవి శివుడి కోసం ఘోరమైన తపస్సు చేస్తుంటుంది. ఆకులు కూడా మానేసింది కాబట్టే అపర్ణ అయింది. అప్పుడు పరమశివుడే ఒక బ్రహ్మచారి వేషంలో వచ్చి కుశల ప్రశ్నలు వేస్తాడు. సమిధలు దొరుకుతున్నాయా, స్నానానికి నీళ్లు బాగున్నాయా అని అడిగి, నీ ఒంటికి ఎంత శక్తి ఉందో అంతవరకే తపస్సు చేస్తున్నావా అంటాడు. ధర్మం చేయడానికి మనకున్న మొదటి పనిముట్టు శరీరమే అని ఆయన అక్కడ చెప్పిన మాట మీరు చాలాసార్లు వినే ఉంటారు. కానీ ఆ మాట ఎవరు, ఎవరితో అన్నారో ఆలోచించారా? ఎవరి కోసం ఆవిడ తిండి మానేసిందో ఆయనే వచ్చి, ముందు నీ ఒళ్లు చూసుకోమ్మా అంటున్నాడు.

గీతలో కృష్ణుడిదీ అదే ధోరణి. ఆరో అధ్యాయంలో, మరీ ఎక్కువ తినేవాడికీ యోగం కుదరదు, బొత్తిగా తిననివాడికీ కుదరదు, ఎక్కువ నిద్రపోయేవాడికీ కుదరదు, నిద్ర మానుకునేవాడికీ కుదరదు అంటాడు. రాత్రి రెండింటిదాకా ఫోన్ చూసి, పొద్దున్న ఆరింటికి చల్లనీళ్ల టబ్బులో కూర్చునే వాళ్లు ఈ మాట ఒకసారి చదువుకోండి. పదిహేడో అధ్యాయంలో ఇంకా గట్టిగా అంటాడు. శాస్త్రం చెప్పని ఘోరమైన తపస్సులు, డాంబికం కోసం, పంతం కోసం చేసేవాళ్లు శరీరాన్ని ఎండబెట్టి, లోపల ఉన్న నన్ను కూడా ఎండబెడుతున్నారు అంటాడు. మూడు రోజుల జ్యూస్ ఉపవాసం పెట్టి, రోజుకి నాలుగు సార్లు స్టేటస్ పెట్టడం ఇందులోకి వస్తుందా రాదా అన్నది ఎవరికి వాళ్లు చూసుకోవాలి. ఏకాదశి ఉపవాసం వేరు. అది చేసినట్టు పక్కింటివాళ్లకి కూడా తెలియదు.

అమ్మమ్మ గారి మాట కూడా తీసిపారేయకండి. అయితే ఆవిడ ఇంట్లో శనివారం తలంటు ఉందా లేదా? నువ్వుల నూనె వెచ్చబెట్టి, మాడుకి పట్టించి, ఒళ్లంతా మర్దనా చేసి, సున్నిపిండితో నలుగు పెట్టి, కుంకుడుకాయ రసంతో తల రుద్దేవారు. ఉగాదికీ దీపావళికీ అభ్యంగనం లేకుండా పండగే లేదు. రథసప్తమి నాడు తల మీదా భుజాల మీదా జిల్లేడాకులు పెట్టి స్నానం చేయించేవారు. ఇదంతా ఏమిటి? సెల్ఫ్ కేరే. కాకపోతే దానికి ఆ పేరు లేదు, అపాయింట్‌మెంట్ లేదు, ఎవరి ఒంటికి వాళ్లే చేసుకునేది కూడా కాదు. అమ్మ కూతురికి, అత్త కోడలికి, పురిటి తర్వాత మంత్రసాని బాలింతకి. ఒకరి చెయ్యి ఇంకొకరి ఒంటి మీద ఉండేది. ఆ సున్నిపిండే ఇప్పుడు ఉబ్టన్ అనే పేరుతో చిన్న గాజు సీసాలో వస్తోంది. ధర చూసి నేను మళ్లీ షెల్ఫ్‌లో పెట్టేశాను.

కాబట్టి అమ్మాయీ, నీకు కావలసింది తప్పు కాదు. ఒకరు మన తల మీద చెయ్యి వేయాలి, ఒక గంట మనల్ని పట్టించుకోవాలి. హైదరాబాదులో ఒంటరి గదిలో ఉన్న పిల్లకి అది ఎక్కడ దొరుకుతుంది? కొనుక్కుంటోంది. అంతే కదా. దాన్ని స్వార్థం అనడానికి నాకు నోరు రాదు.

అసలు మన కృష్ణా డెల్టా వాళ్లకి కొత్త వైద్యాలు ప్రయత్నించడం ఇవాళ్టి సంగతి కాదు. పామర్రు పక్కనే గుడివాడలో డాక్టర్ గురురాజు గారి పేరుతో ఉన్న హోమియో కళాశాల 1945 నుంచీ ఉంది. అంటే స్వాతంత్ర్యం రాకముందే మనవాళ్లు తీపి మాత్రలు చప్పరిస్తున్నారు. విజయవాడలో నోరి రామశాస్త్రి గారి పేరు మీద ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉంది. ప్రకృతి వైద్యం అంటే చెప్పక్కర్లేదు, కృష్ణ ఒడ్డునే మంతెన సత్యనారాయణరాజు గారి ఆశ్రమం. ఉప్పు వద్దు, నూనె వద్దు, పచ్చి కూరగాయలు, మొలకలు, నీళ్లు. అదే విజయవాడ నుంచి కొన్నేళ్ల క్రితం వీరమాచనేని రామకృష్ణ గారి డైట్ వచ్చింది. రోజుకి 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు. ఒకాయన చుక్క నూనె వద్దన్నారు, ఇంకొకాయన నూనె తాగమన్నారు. రెండు చోట్లా జనం కిక్కిరిశారు! కొన్ని ఇళ్లలో భర్త ఇది, భార్య అది. వంట చేసే అత్తగారి అవస్థ ఎవరూ అడగలేదు.

ఎవరిది గెలిచింది అని తీర్పు చెప్పడం నా పని కాదు, అది వైద్యుల పని. నాకు అర్థమైంది ఏమిటంటే, ఇన్ని రకాల వాళ్ల దగ్గరకీ మన జనం పరుగెత్తడానికి ఒక కారణం వాళ్లు కూర్చోబెట్టి మాట్లాడటం. హోమియో డాక్టరు నీకు ఏ పక్కన పడుకుంటే నిద్ర పడుతుంది, కోపం వస్తే ఏం చేస్తావ్ అని కూడా అడుగుతాడు. పెద్దాసుపత్రిలో ఓపీ చీటీ పట్టుకుని గంటన్నర కూర్చుంటే, లోపల మాట్లాడేది రెండు నిమిషాలు. మనిషికి మందుతో పాటు వినేవాడు కావాలి. ఆ ఆకలి నిజమైనది. కానీ వినేవాడు అయినంత మాత్రాన వైద్యుడు అయిపోడు. ఇక్కడే చిక్కు.

దీని గురించి చరకుడు చెప్పినంత వివరంగా ఇంకెవరూ చెప్పలేదు. చరకసంహితలో చికిత్సకి నాలుగు పాదాలు అంటాడు. వైద్యుడు, మందు, దగ్గరుండి చూసుకునేవాడు, రోగి. ఆ మూడో ఆయన్ని గమనించండి. సేవ చేసేవాడు కూడా చికిత్సలో పావు వంతు. మళ్లీ చికిత్సల్ని మూడు రకాలు చేశాడు. దేవుడి మీద ఆధారపడేవి, అంటే మంత్రం, హోమం, వ్రతం, తీర్థయాత్ర. యుక్తి మీద ఆధారపడేవి, అంటే ఆహారం, ఔషధం. మూడోది మనసుని చెడ్డ విషయాల నుంచి వెనక్కి లాగి నిలబెట్టడం, దానికి సత్త్వావజయం అని పేరు. ఆయన మూడూ ఉన్నాయన్నాడు కానీ, ఒకటి చేస్తే రెండోది అక్కర్లేదు అనలేదు. దీపం పెట్టి మాత్ర మానెయ్యమన్న ఋషి ఎవరూ లేరు.

అదే గ్రంథంలో సూత్రస్థానంలో వైద్యుల్ని రెండు జాతులుగా విడదీస్తాడు. ప్రాణాభిసరులు, రోగాభిసరులు. ప్రాణం వెంట నడిచేవాళ్లు ఒకళ్లు, రోగం వెంట నడిచేవాళ్లు ఇంకొకళ్లు. ఈ రెండోవాళ్ల గుర్తులు చెప్తాడు చూడండి. వైద్యుడి వేషం వేసుకుని వీధుల్లో తిరుగుతుంటారట. ఫలానావాళ్లకి బాగాలేదని చెవిన పడగానే అక్కడ వాలిపోతారట. వాళ్ల గొప్పలు వాళ్లే గట్టిగా చెప్పుకుంటారట. ఇంతకుముందు చూసిన వైద్యుడిలో తప్పులు ఎన్నుతారట. రోగి స్నేహితుల్ని మంచి చేసుకుంటారట. నాకు డబ్బు మీద ఆశ లేదు అంటారట. చివరికి జబ్బు తగ్గకపోతే, ఈ రోగికి నిగ్రహం లేదు, చెప్పినట్టు చెయ్యలేదు అంటారట. ప్రాణం మీదకొచ్చేసరికి ఊళ్లో ఉండరట!

రీల్స్ లేని రోజుల్లో రాసిన మాటలండి ఇవి. "డాక్టర్లు మీకు చెప్పని రహస్యం" అని మొదలయ్యే వీడియో మీ ఫోన్‌లోకి ఈసారి వచ్చినప్పుడు, ఈ జాబితా పక్కన పెట్టుకుని చూడండి. ముఖ్యంగా చివరి గుర్తు. తగ్గితే మా గొప్ప, తగ్గకపోతే మీ నమ్మకం లోపం అన్నవాడి దగ్గర నుంచి లేచి వచ్చేయండి. అది దేవుడి పేరు చెప్పేవాడైనా సరే. ఇంకో మాట, ఆయుర్వేదం కాబట్టి సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు అని అంటుంటారు. తెలియని మందు విషంలాంటిది, నిప్పులాంటిది, పిడుగులాంటిది అన్నది ఆ చరకుడే. రసౌషధాల్లో పాదరసం లాంటి లోహాలు ఉంటాయి. శుద్ధి సరిగా జరగకపోతే అవి ఏం చేస్తాయో చదువుకున్న ఆయుర్వేద వైద్యుడే మీకు ముందు చెప్తాడు. బిఎఎంఎస్, బిహెచ్ఎంఎస్, బిఎన్‌వైఎస్ అని డిగ్రీలున్నాయి, రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. అడగడం అవమానించడం కాదు.

మరి నమ్మకం మాటేమిటి, 2021లో నెల్లూరు జిల్లా కృష్ణపట్నానికి అంత జనం ఎందుకు వెళ్లారు అని కొందరు అడిగారు. కరోనా రెండో విడత అది. ఆక్సిజన్ దొరక్క, బెడ్డు దొరక్క మనుషులు ఎవర్ని పడితే వాళ్లని ప్రాధేయపడుతున్న రోజులు. ఆనందయ్య గారి మందు కోసం వేలమంది వచ్చేసరికి పంపిణీ ఆపారు, ఆయుష్ వాళ్లు పరిశీలించారు, మే 31న రాష్ట్ర ప్రభుత్వం కంట్లో వేసే చుక్కలు తప్ప మిగతావాటికి అనుమతి ఇచ్చింది. అక్కడ క్యూలో నిలబడ్డవాళ్లని చూసి నవ్వడం సులువు. నాకైతే వాళ్ల భయమే గుర్తుంది. కానీ కరోనా ఉన్నవాళ్లు ఒకరినొకరు తోసుకుంటూ నిలబడ్డారన్నది కూడా గుర్తుంది. హైదరాబాదులో మృగశిర కార్తెకి ఉబ్బసం వాళ్లకిచ్చే చేప ప్రసాదమూ అంతే. ప్రసాదం అనుకుని భక్తితో వెళ్లేవాళ్లని నేను ఆపను. ఇన్‌హేలర్ మాత్రం జేబులో పెట్టుకుని వెళ్లండి.

ప్రకృతి వైద్యం అనగానే గాంధీ గారి పేరు వస్తుంది. మట్టిపట్టీలు, తొట్టి స్నానాలు, ఉపవాసాలు తన మీదే ప్రయోగించుకున్న మనిషి. 1909లో హింద్ స్వరాజ్‌లో డాక్టర్ల మీద విరుచుకుపడ్డారు. 1946లో పూణే దగ్గర ఉరుళీకాంచన్‌లో పల్లెవాళ్ల కోసం ప్రకృతి చికిత్సాలయం పెట్టారు. రామనామమే అన్నిటికన్నా పెద్ద మందు అనేవారు. ఇవన్నీ చెప్పేవాళ్లు 1924 జనవరి సంగతి చెప్పరు. జైల్లో ఉండగా ఆయనకి అపెండిసైటిస్ వచ్చింది. పూణే ససూన్ ఆసుపత్రికి తీసుకెళ్లారు. కల్నల్ మాడాక్ అనే బ్రిటిష్ సర్జన్ ఆపరేషన్ చేయాలన్నాడు. గాంధీ గారు ఒప్పుకుని సంతకం పెట్టారు. ఆ రాత్రి గాలివాన, మధ్యలో కరెంటు పోయింది, చివరికి లాంతరు వెలుగులో ఆపరేషన్ ముగించారు. రామనామం మీద ఆయనకున్న నమ్మకం మనకి లేదు కదా? అంత నమ్మకం ఉన్నాయనే కత్తికి ఒళ్లప్పగించాడు. ఆ తర్వాత కూడా రామనామం మానలేదు.

ఇంకొకరి కథ చెప్పనివ్వండి, నాకు చాలా ఇష్టమైనది. కేరళలో 16వ శతాబ్దంలో మేల్పత్తూర్ నారాయణ భట్టతిరి అని మహాపండితుడు. గురువు గారి వాతరోగాన్ని తన ఒంటి మీదకి తెచ్చుకున్నాడని చెప్తారు. కదల్లేని నొప్పులు. ఏం చెయ్యాలో అడగమని ఎళుత్తచ్చన్ దగ్గరకి మనిషిని పంపితే, ఆయన "చేపతో మొదలుపెట్టమను" అన్నాడట. నంబూద్రి బ్రాహ్మణుడికి చేప తినమని చెప్పడమా అని ఆ మనిషి మొహం చిన్నబుచ్చుకుని తిరిగొచ్చాడు. భట్టతిరి మాత్రం నవ్వి, మత్స్యావతారంతో మొదలుపెట్టి దశావతారాలూ పాడమంటున్నాడు అని అర్థం చేసుకున్నాడు. గురువాయూరులో స్వామి ముందు కూర్చుని, రోజుకొక దశకం చొప్పున వంద దశకాలు, భాగవతమంతా పాడాడు. అదే నారాయణీయం. జబ్బు తగ్గిందని సంప్రదాయం చెప్తుంది. ఇది విని చాలామంది నారాయణీయాన్ని కూడా ఒక మందు సీసాలా వాడతారు, రోజుకో మోతాదు. ఆ వంద రోజులూ ఆయన నొప్పితోనే పాడాడన్నది మర్చిపోతారు. మధ్యమధ్యలో స్వామితో నా ఒళ్లు బాగుచెయ్యవయ్యా అని మొరపెట్టుకుంటూనే ఉంటాడు. సిగ్గుపడలేదు. ఒంటి కోసం దేవుణ్ణి అడగడం తక్కువ భక్తి అనుకోలేదు.

అష్టాంగహృదయం రాసిన వాగ్భటుడు గ్రంథం మొదట్లో ఒక అపూర్వమైన వైద్యుడికి నమస్కారం పెడతాడు. ఏ రోగం పోగొట్టినందుకు? జ్వరమో దగ్గో కాదు, రాగం మొదలైన రోగాలు పోగొట్టినందుకు. రాగం అంటే కావాలి కావాలి అనే తపన. ఇక్కడ ఆ అమ్మాయికి నేనొక మాట అడిగాను. రేకీ తర్వాత సౌండ్ హీలింగ్‌కి ఎందుకు వెళ్లావు, దాని తర్వాత కప్పింగ్‌కి ఎందుకు వెళ్లావు అని. కాసేపు ఆలోచించి, "ప్రతిసారీ రెండు రోజులు బాగుంటుందండి, సోమవారానికి మళ్లీ మామూలే" అంది. సోమవారం సంగతి ఏమిటో చూడాలి కదా మరి. రాత్రి పదింటికి వచ్చే ఆఫీసు కాల్స్‌కి గిన్నెలు మోగిస్తే తగ్గదు. అవసరమైతే మేనేజర్‌తో మాట్లాడాలి. రెండు మూడు వారాలుగా నిద్ర పట్టకపోయినా, ఊరికే ఏడుపొస్తున్నా మానసిక వైద్యుల దగ్గరకి వెళ్లాలి. టెలీమానస్ అని ప్రభుత్వ ఉచిత నంబరు 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడతారు. చరకుడు చెప్పిన మూడో చికిత్స ఇదే, ఇందులో నామోషీ ఏమీ లేదు.

పామర్రు నుంచి చల్లపల్లి వైపు వెళ్తే దారిలోనే కూచిపూడి. సత్యభామ లేని కూచిపూడి లేదు. తులాభారం కథ అందరికీ తెలుసు కాబట్టి మళ్లీ చెప్పను. ఇంట్లో బంగారమంతా పెట్టినా త్రాసు లేవలేదు, తులసిదళం పెడితే లేచింది. మన దగ్గర జబ్బు నుంచి కోలుకున్నవాళ్లు గుళ్లో తులాభారం మొక్కు తీర్చుకుంటారు, బెల్లమో చిల్లరో తూస్తారు. తక్కెట్లో కూర్చునేది మన ఒళ్లే. అవతల పెట్టిన బెల్లం నలుగురికీ వెళ్తుంది. మీ అమ్మమ్మ అన్న పదిమందికి అన్నం, నువ్వు అన్న సెల్ఫ్ కేర్, రెండూ ఒకే త్రాసులో ఉన్నాయక్కడ. ఆవిడతో పోట్లాడకమ్మా. ఈ శనివారం ఆవిడకి నువ్వు తలంటు పొయ్యి.

జలనేతి గురించి చాలామంది అడిగారు. మంచి క్రియే, కానీ కుళాయి నీళ్లు నేరుగా ముక్కులో పోసుకోవద్దు. నీళ్లలో నేగ్లేరియా అనే అమీబా ఉంటే ముక్కు ద్వారా మెదడుకి చేరుతుంది, అరుదే కానీ ప్రాణాంతకం. నీళ్లు బాగా మరగకాచి, చల్లార్చి, అప్పుడు ఉప్పు కలపాలి. పాత్ర కూడా ప్రతిసారీ కడిగి ఆరబెట్టాలి. నేర్పే గురువు లేకుండా మొదలుపెట్టకండి. పూర్తి విధానం వచ్చే వారం వీడియోలో ఒక యోగా వైద్యుల చేత చెప్పిస్తాను. ఆ అమ్మాయి వాళ్ల అమ్మగారి రిపోర్టు వచ్చింది, షుగర్ బాగా ఎక్కువే ఉంది, బిళ్లలు మళ్లీ మొదలుపెట్టారు.